ముట్టుకోవద్దు అని రాసిచ్చిన కార్డు

నా దగ్గరికి రిపేరుకు వచ్చే కంప్యూటర్లలో సగానికి జబ్బేమీ ఉండదు. లోపల ఎవరెవరు పనిచేస్తున్నారో యజమానికి తెలియకపోవడమే జబ్బు. "నిన్నటిదాకా బాగానే ఉందండీ, ఉన్నట్టుండి నత్తలా తయారైంది" అంటారు. తెరిచి చూస్తే, ఎప్పుడో మూడేళ్ళ కిందట ఒక్క పాట వినడానికి వేసుకున్న ప్రోగ్రాం, మిషన్ ఆన్ చేసిన ప్రతిసారీ వీళ్ళకంటే ముందే లేచి కూర్చుంటోంది. విండో మూసేశాం కాబట్టి అది వెళ్ళిపోయిందనుకుంటారు. ఎక్కడికి పోతుంది? తెర మీద కనిపించదు గానీ వెనక చేరి తింటూ కూర్చుంటుంది. వీటినే బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లు అంటారు.

అన్నీ పనికిమాలినవైతే గొడవే లేదు. శబ్దం వినిపించేది ఒకటి, నెట్ కలిపేది ఒకటి, వైరస్ రాకుండా కాపలా కాసేది ఒకటి, ఇవి కూడా ఆ వెనకే ఉంటాయి. మా కస్టమర్లలో రెండు రకాలు. దేన్నీ ముట్టుకోని భయస్తులు, కనిపించినదల్లా ఆపేసే వీరులు. వీరుల పుణ్యమా అని నా షాపు నడుస్తోందనుకోండి. ఇద్దరికీ చెప్పి చెప్పి గొంతు పోయి చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. బాగుచేసిన ప్రతి మిషన్‌తో పాటు ఒక అట్ట కార్డు నా చేత్తో రాసి ఇస్తాను. ఎడమ పక్క 'పంపించేయవచ్చు'. కుడి పక్క 'ముట్టుకోవద్దు'. ఆ మిషన్‌లో వెనక నడిచేవన్నీ పేరు పేరునా ఈ రెండు వరసల్లో ఉంటాయి. పదహారేళ్ళుగా రాస్తున్నాను. నన్ను 'సిస్టమ్ డాక్టర్' అంటారు, కార్డుని 'డాక్టర్ చీటీ' అంటారు. చీటీ మీద ఉందంటే దానికి ఇక తిరుగులేదని పేరు.

గొప్పలు చెప్పుకోవడానికి ఇదంతా చెప్పడం లేదు. ఆ కార్డుల్లో ఒకదాని మీద నేను అబద్ధం రాశాను. అది మా అమ్మాయి కార్డు.

ఇంట్లో మేమిద్దరమే. మా ఆవిడ పోయేనాటికి పిల్లకి తొమ్మిదేళ్ళు. పోయే ముందు ఏడాది పిల్లకి విడిగా గది ఇచ్చినప్పుడు ఆవిడ నాకో నియమం పెట్టింది. "చిన్నదైతే ఏం, ఆ గది దానిది. తలుపు తట్టి వెళ్ళండి." అప్పుడు నవ్వాను గానీ ఆవిడ పోయాక ఆ నియమాన్ని కళ్ళకద్దుకుని పాటించాను. రెండుసార్లు తడతాను. రెండో దెబ్బ పడకముందే లోపలి నుంచి "రా నాన్నా" అని వినిపిస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా "ఎవరు" అనలేదు, "ఆగు" అనలేదు. ఈ సంగతి షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. "కన్నకూతురి గదికైనా తట్టే వెళతానండీ నేను" అని. వాళ్ళు మెచ్చుకునేవాళ్ళు, నేను పొంగిపోయేవాణ్ణి.

అమ్మాయికి పద్దెనిమిది నిండిన ఏడు మా అక్క వచ్చి కూర్చుంది. అక్క పక్క వీధిలోనే ఉంటుంది.

"తట్టి వెళతావు సరేరా. వెళ్ళి ఏం చూస్తున్నావు? తలుపేసుకుని గంటలకొద్దీ ఆ డబ్బాలో ఏం టైపు చేస్తోందో తెలుసా నీకు? ఊళ్ళో వాళ్ళ కంప్యూటర్లన్నీ గాలిస్తావు, ఇంట్లో దాని సంగతి మాత్రం పట్టదు!"

తప్పంతా అక్క మీదకి నెట్టేయవచ్చు. కానీ అక్కకి మౌస్ పట్టుకోవడం కూడా రాదు. పెట్టింది నేను.

ఏడాదికోసారి అమ్మాయి ల్యాప్‌టాప్ శుభ్రం చేసి పెట్టడం అలవాటు. ఆ ఏడు శుభ్రం చేస్తూ ఒక ప్రోగ్రాం వేశాను. ఐదు నిమిషాలకోసారి తెర ఫోటో తీస్తుంది, ఆ ల్యాప్‌టాప్‌లోనే ఒక మూల, తను కూర్చున్న ఫోల్డర్‌లోనే దాస్తుంది, ఒక కాపీ నా షాపు కంప్యూటర్‌కి పంపుతుంది. దానికి 'ప్రింట్ హెల్పర్' అని పేరు మార్చాను. అప్పట్లో ఇంట్లో ప్రింటర్ ఉండేది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఎవరి కంటా పడకుండా పేర్లు పెట్టడం నా పనిలో ఉన్నవాడికి పెద్ద విద్య కాదు. తరవాత కార్డు తీసుకుని, కుడి పక్క వరసలో, శబ్దానికీ నెట్‌కీ కింద, గుండ్రటి అక్షరాలతో రాశాను. ప్రింట్ హెల్పర్. ముట్టుకోవద్దు.

"థాంక్స్ నాన్నా" అని ఆ కార్డుని ల్యాప్‌టాప్ సంచిలో జాగ్రత్తగా పెట్టుకుంది.

పంతొమ్మిది రోజులు చదివాను. షాపులో షట్టర్ సగం దించి, మధ్యాహ్నం అన్నం తినే వేళ. ఏముంటుంది? వేరే ఊరు వెళ్ళిపోయిన స్నేహితురాలికి ఉత్తరాలు. పరీక్షలంటే భయం, ఎవరో మేష్టారి నడక, తెగిపోయిన చెప్పులు. 'అమ్మ గొంతు గుర్తు రావడం లేదు, నాన్నతో అంటే ఏడుస్తాడని అనలేదు' అని ఒక రోజు. 'మా నాన్న ఒకే జోకు ముచ్చటగా మూడోసారి చెప్పినా నవ్వుతాను, నవ్వకపోతే మొహం మాడ్చుకుంటాడు' అని ఇంకో రోజు. ఆ సాయంత్రం బుద్ధి లేక ఆ జోకే నాలుగోసారి చెప్పి చూశాను. పకపకా నవ్వింది. ఆ నవ్వు చూడలేక మంచినీళ్ళ కోసమని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

పంతొమ్మిదో రోజున ఆ స్నేహితురాలు వాళ్ళ నాన్న మీద ఏడ్చింది. తన ఫోన్ లాక్కుని అన్నీ చదివేశాడట. దానికి మా అమ్మాయి రాసిన జవాబు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. 'మా నాన్న అలా కాదే. తట్టకుండా గదిలోకి కూడా రాడు.'

అన్నం గిన్నె మూసేశాను. షాపు కంప్యూటర్‌లో ఉన్న ఫోటోలన్నీ చెరిపేశాను, కొత్తవి రాకుండా ఆపేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు నిజమే, కానీ దాన్ని నేను వాడుకున్న తీరు చూడండి. ఇంత సిగ్గుపడ్డాను కాబట్టి తప్పు తీరిపోయిందనుకున్నాను. నా కన్ను నేను మూసుకున్నానే గానీ, అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఉన్న కన్ను మూయలేదు. అది ఐదు నిమిషాలకోసారి ఫోటో తీసి మూల పడేస్తూనే ఉంది. తీసేయాలంటే ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాలి. కూర్చుంటే అమ్మాయి పక్కన చేరి "అదేంటి, ఇదేంటి" అని అడుగుతుంది. మరుసటి ఏడు శుభ్రం చేసేటప్పుడు చూద్దామనుకున్నాను. ఆ ఏడు అమ్మాయి నా భుజం మీద గడ్డం ఆనించి చూస్తూ కూర్చుంది, ఆ వరస దాటేశాను. ఆ పై ఏడూ అంతే. మూడో ఏడు "డిస్కు నిండిపోయిందంటోంది నాన్నా" అంటే ఏం చేశానో తెలుసా? పెద్ద డిస్కు తెచ్చి వేశాను! ఎవడైనా కస్టమర్ ఈ పని చేసి ఉంటే వాణ్ణి షాపు మెట్ల మీదే నాలుగు చీవాట్లు పెట్టేవాణ్ణి.

ఇప్పుడు అమ్మాయికి ఇరవై రెండు. చదువు అయిపోయింది. పెద్దవాళ్ళకి కంప్యూటర్ నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో టీచరు ఉద్యోగం ఖాళీ ఉందని దరఖాస్తు పెట్టింది. అక్కడి ప్రిన్సిపాల్ మేడం సర్టిఫికెట్లు పక్కన పెట్టి, "గంటసేపు క్లాసు చెప్పి చూపించు, నచ్చితే సోమవారం నుంచే రా" అందిట. పాఠం కూడా ఆవిడే ఇచ్చింది. మన కంప్యూటర్‌లో వెనక ఏం నడుస్తోందో తెలుసుకోవడం ఎలా, వాటిని అదుపులో పెట్టుకోవడం ఎలా.

"నాకు ఇంట్లోనే డాక్టరున్నాడు, నాకేం భయం" అని ఎగురుకుంటూ వచ్చింది.

రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పాను. అబద్ధం ఎందుకు, హాయిగా చెప్పాను. టాస్క్ మేనేజర్ తెరిచి, ఏది ఎంత మెమరీ తింటోందో ఎలా చూడాలో, మిషన్‌తో పాటే లేచేవాటిని ఎలా ఆపాలో, దేన్నైనా ఆపే ముందు అది ఎవరి మనిషో ఎలా కనుక్కోవాలో చెప్పాను. "పేరు చూసి నమ్మకు అమ్మలూ. పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. అది ఎక్కడ కూర్చుని నడుస్తోందో చూడు" అన్నాను. అన్నది నేనే, ఈ నోటితోనే. తను నోట్సు రాసుకుంటోంది. రెండో సాయంత్రం పెన్ను ఆపి అడిగింది.

"నాన్నా, ఇదేంటి? ప్రింట్ హెల్పర్. మన ప్రింటర్ అమ్మేసి రెండేళ్ళయింది కదా."

"పాత ప్రింటర్‌దే. తీస్తే దాన్ని పట్టుకుని ఉన్నవి ఇంకేవో దెబ్బతింటాయి. ఉండనీ" అన్నాను.

"కార్డు మీద కూడా ముట్టుకోవద్దనే ఉందిలే" అని రాసేసుకుంది. అనుమానమే లేదు. నేను చెప్పాను కాబట్టి అంతే.

తెల్లారగానే, తను స్నానానికి వెళ్ళినప్పుడు దాన్ని పీకేద్దామని నిశ్చయించుకున్నాను. తెల్లారి లేచి చూస్తే ల్యాప్‌టాప్ లేదు. ప్రొజెక్టర్‌కి కుదురుతుందో లేదో చూసుకోవడానికి ముందే వెళ్ళిపోయింది. బల్ల మీద చీటీ. 'పది గంటలకి. వెనక బెంచీలో కూర్చో. నవ్వించకు.'

హాలు పొడవుగా, సున్నం వాసనతో ఉంది. ఇరవై నాలుగు మంది. కుట్టుపని చేసే ఆవిడ, బస్సు కండక్టరు, ఇద్దరు నర్సులు, మీసాలు నెరిసిన వడ్రంగి, అందరూ పెద్దవాళ్ళే. ప్రిన్సిపాల్ మేడం కిటికీ పక్కన కుర్చీ వేసుకుని పుస్తకం, పెన్ను పట్టుకుని కూర్చుంది. నేను వెనక బెంచీ చివర సర్దుకున్నాను. కూర్చోగానే నా ముందుకి ఒక కాగితం వచ్చింది. అందరికీ పంచారు. నా కార్డు! అమ్మాయి కార్డుని జెరాక్సు తీయించి అందరికీ ఒకటి ఇచ్చింది. ఇరవై నాలుగు కాగితాల మీద నా గుండ్రటి అక్షరాలు. ప్రింట్ హెల్పర్. ముట్టుకోవద్దు.

"ఇది మా నాన్న చేతిరాత" అంది బోర్డు దగ్గర నిలబడి. "మా ఊళ్ళో అందరికీ ఈ చీటీ మీద నమ్మకం. నాకు ఇంకా ఎక్కువ."

క్లాసు బాగా చెప్పింది, నాకంటే బాగా చెప్పింది. తెర మీద కనిపించేవాళ్ళు షాపు ముందు నిలబడి మాట్లాడేవాళ్ళనీ, వెనకవాళ్ళు గోడౌన్‌లో బరువులు మోసేవాళ్ళనీ చెప్పింది. గోడౌన్‌లో పని చేసేవాళ్ళూ ఉంటారు, చాప వేసుకుని పడుకున్నవాళ్ళూ ఉంటారు, ఒకే లెక్కన అందరినీ బయటికి గెంటితే షాపు మూతపడుతుంది అంటే వడ్రంగి గట్టిగా నవ్వాడు. ప్రిన్సిపాల్ మేడం రెండుసార్లు ఏదో రాసుకుంది. పాఠం చివరికి వచ్చింది. ఇక ఐదు నిమిషాలు గడిస్తే గండం గట్టెక్కినట్టే.

అప్పుడు కుట్టుపని ఆవిడ కాగితం ఎత్తి పట్టుకుంది. "టీచరమ్మా, ఈ ప్రింట్ హెల్పర్ ఏం పని చేస్తుంది?"

"అది ప్రింటర్‌ది."

"మీకు ప్రింటర్ ఉందా?"

"లేదు, అమ్మేశాం." అమ్మాయి కాస్త తడబడింది. "మా నాన్న తీయొద్దన్నారు."

"మీరేగా ఇందాక చెప్పారు, పేరు చూసి నమ్మొద్దు, ఎక్కడ కూర్చుందో చూడమని?"

అందరూ నవ్వారు. అమ్మాయీ నవ్వింది. "నిజమే. దొరికిపోయాను. రండి చూద్దాం." ఆ పేరు మీద కుడి బటన్ నొక్కింది. ఫైలు ఎక్కడుందో చూపించమంది. నేను బెంచీ అంచు పట్టుకున్నాను. లేచి అరవాలి. కరెంటు తీసేయాలి. ఏదో ఒకటి చేయాలి. ఏమీ చేయలేదు.

గోడ నిండా ఫోటోలు పరుచుకున్నాయి. బొటనవేలి గోరంత ఫోటోలు, వరసలు వరసలు. ప్రతిదీ ఆ ల్యాప్‌టాప్ తెరే. తను నిన్న రాసుకున్న నోట్సు, మొన్న రాసిన ఉత్తరం, దరఖాస్తు. కిందికి జరిపింది. ఇంకా కిందికి. తేదీలు వెనక్కి వెళుతున్నాయి. ఏడాది, రెండేళ్ళు, మూడు, నాలుగు. నా వైపు వీపు పెట్టి నిలబడింది కాబట్టి మొహం కనిపించలేదు. జడ పక్కన మెడ ఎర్రబడటం మాత్రం కనిపించింది. ప్రతి ఏడూ అది శుభ్రం చేసేది ఎవరో తనకి తెలుసు. తన ల్యాప్‌టాప్ ముట్టుకున్నవాడు లోకంలో ఒక్కడే.

"ఎవరు పెట్టారు ఇది?" అని అడిగింది ప్రిన్సిపాల్ మేడం, కుర్చీలోంచి ముందుకు వంగి.

అమ్మాయి ఇటు తిరిగింది. ఒక్క క్షణం కళ్ళు వెనక బెంచీ దాకా వచ్చాయి. నేను తల దించుకున్నాను. ఆ క్షణం ఇప్పటికీ నన్ను తింటోంది.

"నేనే పెట్టాను మేడం" అంది. "పాఠం కోసం. మంచి పేరు పెట్టుకుని, నమ్మకమైన కాగితం మీద ఎక్కి, మనకి తెలియకుండా మనల్నే చూసేవి కూడా ఉంటాయని చూపించడానికి. కాగితం మీద రాసుంటే మీరు నమ్మేశారు కదా? నేనూ నమ్మేదాన్నే."

హాలంతా చప్పట్లు. వడ్రంగి అయితే బెంచీ మీద చరిచాడు. పక్కనున్న కండక్టరు నా మోచెయ్యి పొడిచి, "మీ అమ్మాయేనటగా? అబ్బ, ఏం తెలివండీ" అన్నాడు. నేను కూడా చప్పట్లు కొట్టాను. కొట్టానండీ. ఈ రెండు చేతులతోనే.

ఉద్యోగం వచ్చింది. "ఆ ఉదాహరణ మాత్రం ప్రతి బ్యాచ్‌కీ చెప్పాలి, అది లేకపోతే పాఠమే లేదు" అందిట ప్రిన్సిపాల్ మేడం.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. మూడు స్టాపులు దాటాక అడిగింది.

"ఎంత చదివావ్?"

"పంతొమ్మిది రోజులు. మొదట్లో. తరవాత చూడలేదు, ఒట్టు."

"ఎందుకు ఆపావ్?"

చెప్పకుండా ఉండటానికి ధైర్యం చాలలేదు. "తట్టకుండా గదిలోకి రాడని రాశావు" అన్నాను.

తల ఊపింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, ఓదార్చడమైనా చేతనవుతుంది నాకు. మా స్టాపులో దిగాక నడుస్తూ, నా వైపు చూడకుండానే అంది. "చదివినందుకు కాదు నాన్నా. చదివితే కోపం వచ్చేది, పోయేది. కార్డు మీద రాసిచ్చావే. ముట్టుకోవద్దని. నేను దాన్ని నాలుగేళ్ళు సంచిలో పెట్టుకుని తిరిగాను."

ఇంటికి వెళ్ళగానే ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, ఆ ప్రోగ్రాం తీసేయడానికి తనే కూర్చుంది. పాస్‌వర్డ్ అడిగింది అది. అమ్మాయి వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి.

"ఏంటి పాస్‌వర్డ్?"

నేను నిలబడిన చోట నేల చీలితే బాగుండుననిపించింది. "అమ్మలు" అన్నాను.

తనని పిలిచానేమో అనుకుని "ఊఁ" అంది. తరవాత అర్థమైంది. ఒక్కో అక్షరమే నొక్కింది.

నాలుగేళ్ళ ఫోటోలు చెరగడానికి చాలాసేపు పట్టింది. ఆ శాతం అంకె మెల్లగా పెరుగుతుంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. అయిపోయాక ల్యాప్‌టాప్ నా వైపు తోసింది.

"కొత్త బ్యాచ్‌కి మళ్ళీ చూపించాలి. ఇంకోటి పెట్టి ఇవ్వు. ఫోల్డర్ ఖాళీగా ఉంచు. నువ్వైతే బాగా పెడతావు కదా."

ఎత్తిపొడుపు కూడా కాదు. పని చెప్పినట్టే చెప్పింది. అందుకే ఎక్కువ తగిలింది.

ఆదివారమంతా షాపు తెరవలేదు. సాయంత్రం అడిగాను. "పెట్టింది నేనని క్లాసులో వాళ్ళకి చెప్పేస్తాను అమ్మలూ. కానీ నువ్వు మేడంతో నేనే పెట్టానన్నావు. నీ ఉద్యోగానికి ఏమైనా అవుతుందేమో. చెప్పనా?"

"పెట్టేటప్పుడు నన్నడిగావా, చెప్పడానికి అడుగుతున్నావు?" అంది. మళ్ళీ తనే, "నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను. మేడంకి పొద్దున్నే నేనే నిజం చెబుతాను. నీ సంగతి నువ్వు చూసుకో" అంది.

సోమవారం పది గంటలకి వెళ్ళాను. అదే హాలు, వాళ్ళే ఇరవై నాలుగు మంది. మేడం గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు, పలకరించనూ లేదు. అమ్మాయి బోర్డు తుడుస్తోంది. నేను ముందుకి వెళ్ళి నిలబడ్డాను. పదహారేళ్ళుగా కౌంటర్ వెనక నిలబడి లోకానికి నీతులు చెప్పిన నోటితోనే అన్నాను.

"శనివారం మీరు చూసింది పాఠం కోసం పెట్టింది కాదు. నేను పెట్టాను. ఈ పిల్ల తండ్రిని. నాలుగేళ్ళ కిందట, తనకి చెప్పకుండా. మీ చేతిలో ఉన్న కాగితం మీద ముట్టుకోవద్దని రాసింది నేనే. తనకి ఏమీ తెలియదు. మీతో పాటే గోడ మీద చూసింది."

ఇంకో ఉదాహరణ అనుకుని ఒక నర్సు నవ్వింది. ఎవరూ కలవకపోయేసరికి ఆపేసింది. నేను జేబులోంచి పెన్ను తీశాను. మొదటి బెంచీ నుంచి మొదలుపెట్టాను. ఒక్కొక్కరి ముందూ వంగి, కాగితం తీసుకుని, కుడి పక్క వరసలో ఆ ఒక్క పేరు కొట్టేశాను. వడ్రంగి కాగితం మడత విప్పి ఇస్తూ నా మొహంలోకి చూడలేదు. కండక్టరు, మొన్న మోచెయ్యి పొడిచినవాడు, కాగితం బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. కుట్టుపని ఆవిడ మాత్రం సూటిగా చూసి, "ఇంకా ఎన్ని కార్డుల మీద ఉందండీ ఇలాంటిది?" అంది.

"ఈ ఒక్కదాని మీదే" అన్నాను.

"ఎలా నమ్మాలి?"

"నమ్మకండి. ఎక్కడ కూర్చుందో చూడండి. అమ్మాయి నేర్పుతుంది" అన్నాను. ఇరవై నాలుగూ కొట్టేసి బయటికి వచ్చాను. వరండాలో కండక్టరు వెనకాలే వచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "సార్, మా వాడి దాంట్లో నేనూ ఒకటి పెట్టించాను. తీయాలంటే ముందు ఏం చేయాలి?"

"ముందు మీవాడికి చెప్పండి" అన్నాను. "తరవాత వాడే తీసుకుంటాడు."

సాయంత్రం అమ్మాయి ఐదున్నరకి వచ్చింది. "మేడం ఏమంది?" అని అడగాలని ప్రాణం కొట్టుకుంది, అడగలేదు. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను టీ పెట్టాను. కప్పు పట్టుకుని ఆ తలుపు ముందు నిలబడ్డాను. తట్టడానికి చెయ్యెత్తి, చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఇన్నేళ్ళుగా ఊరంతా చాటుకున్న చెయ్యి అది. దాన్ని చూస్తే నాకే అసహ్యం వేసింది.

తట్టాను. రెండుసార్లు. "రా నాన్నా" అని వినపడలేదు. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఎవరు?"

ఇంట్లో ఉన్నది ఇద్దరం. "నేనే" అన్నాను.

"ఆగు."

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆగమంది. సరే అన్నాను. కప్పు మీద పళ్ళెం మూతపెట్టి, గోడకి ఆనుకుని నిలబడ్డాను. లోపల ఏం చేస్తోందో తెలియదు, తెలుసుకోవాలని లేదు. టీ చల్లారిపోయినా సరే, తలుపు తనంతట తను తీసేదాకా అక్కడే ఉంటాను.